మీకు తెలుసా? 21 రోజుల లెక్క ఎక్కడిదో!

ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచూ చెబుతుంటారు. ఈ లెక్కకు ప్రచారం తెచ్చింది అమెరికా ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో రాసిన ‘సైకో-సైబర్నెటిక్స్’. సర్జరీ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడాలంటే కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. అలవాట్ల మీద చేసిన ప్రయోగం కాదది.

మనస్తత్వ శాస్త్రం ఏమంటోంది? లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు పరిశీలించింది. మధ్యాహ్న భోజనంతో పాటు పండు తినడం లాంటి చిన్న పనులు ఎంచుకుని, వాటిని రోజూ ఒకే సందర్భంలో చేయమంది. అవి ఆలోచించకుండానే జరిగిపోయే దశకు చేరడానికి సగటున 66 రోజులు పడుతుందని అంచనా కట్టింది. మనిషిని, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజులు!

ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ లేదనీ తేలింది. మర్నాడు కొనసాగిస్తే చాలు.