ఉక్కులోని ముత్యపుచిప్ప

పాత రేకు బకెట్టు నొకదానిని ఎండలో త్రిప్పి చూడుడు. దాని ప్రక్కలపై పూరేకుల వంటి మచ్చలు కనిపించును. ఒక మచ్చ మెరయుచుండగా దాని ప్రక్కది మసకగా ఉండును. బకెట్టును కొంచెము త్రిప్పినచో మసకగా ఉన్నది మెరయును, మెరసినది మసకబారును. ఇది ఎవరో చెక్కిన నగిషీ కాదు. ఇనుపరేకును కరగిన తుత్తునాగములో ముంచి తీసినప్పుడు, దాని నంటుకొన్న తుత్తునాగము గట్టిపడుచు ఏర్పరచిన స్ఫటికములే ఈ మచ్చలు.

లోహమనగా అంతటను ఒకే తీరుగా నుండు ముద్ద యని మనము తలచుచుందుము. కాని మనము వాడుకొను ఇనుము, ఉక్కు, ఇత్తడి మున్నగునవన్నియు ఇట్టి స్ఫటికముల కూర్పులే. తుత్తునాగపు పూతలో అవి కంటికి కనబడునంత పెద్దవి. ఉక్కులో అవి మిక్కిలి చిన్నవి. వానిని చూడవలెనన్న సూక్ష్మదర్శిని కావలెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. ఉల్లిపొరను చూచునప్పుడు క్రిందినుండి వెలుతురును పంపుదుము. ఉక్కుగుండ వెలుతురు పోదు. ఈ చిక్కును విడదీసినవాడు ఇంగ్లండులోని షెఫీల్డు నగరవాసి హెన్రీ క్లిఫ్టన్ సార్బీ (1826-1908). రాళ్ళను పలుచని పొరలుగా అరగదీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించుట ఆయన మొదట చేసిన పని. షెఫీల్డు ఉక్కు పరిశ్రమకు పేరుపొందిన ఊరు. 1863లో ఆయన దృష్టి ఉక్కుపై పడెను. ఉక్కుముక్కను అద్దమువలె నునుపు చేసి, పలుచని ఆమ్లముతో తడిపి కడిగి, పైనుండి వెలుతురు పడునట్లు చేసి ఆయన చూచెను.

ఆమ్ల మెందులకు? నునుపు చేసిన ఉక్కులో మెరపు తప్ప వేరేమియు కనిపించదు. ఆమ్లము ఉక్కులోని అన్ని భాగములను ఒకే విధముగా తినదు. కొన్ని లోతుగా కరగును, కొన్ని నిలిచియుండును. ఈ మిట్టపల్లముల వలన లోపలి కూర్పు బయటపడును.

తాను చూచినదానిని సార్బీ 1864లో శాస్త్రజ్ఞుల సభకు తెలియజేసెను. దాదాపు ఇరువది ఏండ్లపాటు దానిని పట్టించుకొన్నవారు అరుదు. ఆ రోజులలో రైలు ప్రమాదము జరిగినప్పుడు, విరిగిన పట్టాను సూక్ష్మదర్శినిలో పరీక్షింపుడని తాను చెప్పియుండినచో, తనను పిచ్చాసుపత్రికి తగినవానిగా ఎంచియుందురని ఆయన తరువాత వ్రాసెను.

ఆయన చూచిన వానిలో ఒక భాగము ముత్యపుచిప్ప లోపలివలె రంగులు దేరి మెరయుచుండెను. నేడు దానికి 'పెర్లైట్' అని పేరు. ముత్యమునకు ఆంగ్లములోగల పేరునుండి పుట్టిన మాట ఇది. ఎక్కువ శక్తిగల కటకములతో చూచినప్పుడు దాని రహస్యము తెలిసెను. అది ఒకే పదార్థము కాదు. రెండు పదార్థములు పొర విడిచి పొరగా పేర్చబడియున్నవి. ఒకటి ఫెర్రైట్. ఇది దాదాపు శుద్ధమైన ఇనుము, మెత్తనిది. రెండవది సిమెంటైట్. ఇది ఇనుము, కర్బనము కలిసిన సమ్మేళనము, కఠినమైనది, పెళుసైనది.

ఈ పొరలను ఎవరు పేర్చిరి? ఎఱ్ఱగా కాలిన ఉక్కులో కర్బనము, నీటిలో ఉప్పువలె, ఇనుములో కరగి అంతటను వ్యాపించియుండును. వేడి 727 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువకు తగ్గినప్పుడు ఇనుపస్ఫటికములోని పరమాణువుల అమరిక మారిపోవును. క్రొత్త అమరికలో కర్బనమునకు దాదాపు చోటు లేదు. వెలివేయబడిన కర్బనము ప్రక్కకు జరిగి, అచ్చట సిమెంటైట్ పొరగా ఏర్పడును. దాని ఇరుప్రక్కల కర్బనము తరిగిపోవుటచే అచ్చట ఫెర్రైట్ పొరలు ఏర్పడును. వాని కవతల మరల సిమెంటైట్. ఉక్కులో కర్బనము నూటికి 0.77 వంతు ఉన్నచో, మెల్లగా చల్లారిన ముక్క అంతయు ఇట్టి పొరలతోనే నిండును.

ముత్యపుచిప్పతో దీని పోలిక పేరుతోనే ఆగదు. చిప్ప లోపలి మెరయు భాగములో నూటికి 95 వంతులు సున్నపురాతి జాతి పదార్థమే. అది సుమారు అర మైక్రాను మందముగల పలకలుగా ఏర్పడి, వాని నడుమ మెత్తని జీవపదార్థము జిగురువలె ఉండును. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కంటికి కనబడు వెలుతురు తరంగముల పొడవుకూడ ఇంచుమించు ఇంతే. అందువలన పొరలనుండి మరలివచ్చు వెలుతురు కలిసి, కొన్ని రంగులు బలపడి, కొన్ని అణగారును. ఆమ్లము తినిన పెర్లైట్ లోని సన్నని గాళ్ళుకూడ వెలుతురును ఇట్లే విడదీయును. రెండింటిలోను కఠినమైన పొరలు, మెత్తని పొరలు జతపడియున్నవి. చిప్పలో పుట్టిన బీట తిన్నగా పోలేక పలకల నడుమ వంకరలు తిరుగును. కావుననే చిప్ప సుద్దముక్కవలె పుటుక్కున విరుగదు.

ఉక్కు ఎంత త్వరగా చల్లారిన పొరలు అంత సన్ననగును, ఉక్కు అంత బలపడును. రైలు పట్టాలు సామాన్యముగా పెర్లైట్ ఉక్కుతో చేయబడినవే. వాద్యములకు కట్టు ఉక్కుతీగలలో మిక్కిలి సన్నని పెర్లైట్ పొరలు తీగవెంట సాగియుండును. ఎఱ్ఱగా కాలిన ఉక్కును తటాలున నీట ముంచినచో కర్బనమునకు కదలుటకు వ్యవధియే ఉండదు. అది ఉన్నచోటనే చిక్కుకొనును. అప్పుడు పొరలకు బదులు, సూదులవంటి ఆకారములు ఏర్పడును. జర్మను శాస్త్రజ్ఞుడు ఆడాల్ఫ్ మార్టెన్సు పేర దీనిని మార్టెన్సైట్ అందురు. ఇది మిక్కిలి కఠినము, కాని పెళుసు. కావుననే కమ్మరి ఉలిమొనను నీట ముంచిన పిమ్మట మరల కొంచెము వేడిచేయును.

మన ప్రాంతపు ఉక్కుకును ఈ కథలో చోటు కలదు. నేటి తెలంగాణలో నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో ఉక్కు చేసెడివారు. ఆ పద్ధతిని గూర్చిన వాయిసీ వర్ణన 1832లో ప్రచురింపబడెను. పర్షియా వర్తకులు ఆ ఉక్కును కొనిపోవుచుండిరి. ఇట్టి మూస ఉక్కుతో చేసిన కత్తులపై నీటి అలలవంటి చారలు కనిపించును. ఈ ఉక్కులో కర్బనము సుమారు నూటికి ఒకటిన్నర వంతు. పెర్లైట్ కు పట్టగా మిగిలిన కర్బనము సిమెంటైట్ రేణువులుగా వరుసలు కట్టును. ఆ వరుసలే అలలు. వెనేడియము వంటి మూలకములు లేశమాత్రముగా ఉండుట ఈ వరుసలకు ముఖ్యకారణమని వర్హోవెన్, ఆయన సహచరులు 1998లో తెలియజేసిరి. సూక్ష్మదర్శిని లేకున్నను మన పనివారు లోపలి కూర్పును తమ చేతి నేర్పుతో సాధించిరి.

పాఠశాలలో ఉపాధ్యాయులు రేకు బకెట్టును, ముత్యపుచిప్పను ఎండలో త్రిప్పి చూపవచ్చును. ఆమ్లముతో చేయు పరీక్షను తగిన ప్రయోగశాలకే వదలవలెను. అచ్చట గరుకు కాగితములతో అరగదీసి, నునుపు చేసి, నత్రికామ్లము కొద్దిగా కలిపిన ఆల్కహాలుతో తడిపి చూచెదరు.

నేడు ఎచ్చటనైన పట్టా విరిగినచో, ఇంజనీర్లు దానినుండి ముక్క కోసి, సార్బీ చేసినట్లే నునుపు చేసి చూచెదరు. పొరలు సరిగా ఉన్నవా, ఎచ్చటనైన మార్టెన్సైట్ ఏర్పడినదా, బీట ఎచ్చట పుట్టినది అని వెదకుదురు. ఒకనాడు పిచ్చితనమనిపించెడి పని నేడు వేలమంది ప్రయాణికుల ప్రాణములను కాపాడు పనులలో ఒకటైనది.