పేజీలో పేజీ ఎలా తెరుచుకుంటుంది?

భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరం గురించి మీరొక వెబ్ పేజీ తయారు చేస్తున్నారనుకోండి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు చూపించాలి. ఫొటో పెడితే కదలదు. గూగుల్ మ్యాప్ పెడితే వేలితో జరపొచ్చు, పెద్దది చేసి ముక్తేశ్వరాలయం ఎక్కడుందో వెతకొచ్చు. ఎలా?

నిజానికి ఆ మ్యాప్ మీ పేజీలో లేదు! మీరు రాసింది ఐఫ్రేమ్ అనే ఒక్క ట్యాగు. అందులో మ్యాప్ చిరునామా, వెడల్పు, ఎత్తు ఉంటాయి. బ్రౌజర్ అంత జాగా వదిలి, ఆ చిరునామా నుంచి పేజీని తెచ్చి అక్కడ తెరుస్తుంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 4.0 నుంచి ఈ ట్యాగు దాని ప్రమాణాల్లో ఉంది.

మరి మీ పేజీ ఆ మ్యాప్ లోపలికి తొంగిచూడగలదా? చూడలేదు. రెండూ వేర్వేరు సైట్లవి కాబట్టి ఒకదాని సమాచారం ఇంకొకటి చదవకుండా బ్రౌజర్ అడ్డుకుంటుంది. ఐఫ్రేములో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ కాపలానే.

బ్యాంకు లాగిన్ పేజీని ఇలా పెట్టబోతే మాత్రం సాధారణంగా తెరుచుకోదు. ఎందుకు? మోసగాళ్లు ‘బహుమతి’ బటన్ మీద బ్యాంకు పేజీని కంటికి కనిపించకుండా పరిచి, మీ చేతనే ‘డబ్బు పంపు’ నొక్కించగలరు. అందుకే తన పేజీని వేరే సైట్ల ఫ్రేముల్లో చూపించొద్దని బ్యాంకు సర్వర్ బ్రౌజర్‌కు ముందే చెబుతుంది.