కొనుగోలుదారు నోటిమాట

హైదరాబాదు పాతబస్తీ సందుల్లో ఉదయం పది దాటేసరికి కొన్ని ఇళ్ల ముందుగదులు కార్ఖానాలుగా మారిపోతాయి. నాలుగు కర్రల చట్రానికి బిగించిన గుడ్డ చుట్టూ పనివాళ్లు నేలమీద కూర్చుంటారు. ఒక చేయి గుడ్డ పైన, మరో చేయి గుడ్డ కింద ఉంచి, సన్నని ఆరి సూదితో జరీని, పూసలను, చమ్కీలను కుడుతూ ఉంటారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఈ పనివాళ్లు ఆ చట్రాన్ని కార్‌చోబ్ అంటారు, ఆ పనిని జర్దోజీ అంటారు. తాతల కాలం నుంచి వారి నోట నిలిచిన పేర్లవి.

అదే సమయంలో నగరం మరో చివర ఒక ఇంట్లో పెళ్లి పనులు మొదలవుతాయి. పెళ్లికూతురి తల్లి ఫోను తీసి గూగుల్‌లో వెతుకుతుంది. ఆమె జర్దోజీ అని రాయదు. కార్‌చోబ్ అన్న మాట ఆమె విని కూడా ఉండకపోవచ్చు. తెలుగువారి ఇళ్లలో ఆ పనికి స్థిరపడిన పేరు మగ్గం వర్క్. ‘దగ్గరలో మగ్గం వర్క్ బ్లౌజ్’ అని ఆమె వెతుకుతుంది. నాలుగైదు బొటీక్‌ల పేర్లు వస్తాయి. వాటిలో ఒకదానికి వెళ్లి బట్ట ఇచ్చి వస్తుంది. ఆ బ్లౌజు ఏ సందులో, ఎవరి చేతిలో తయారవుతుందో ఆమెకు తెలియదు. అది తిరిగి తిరిగి మనం మొదట చెప్పుకున్న చట్రం మీదికే రావచ్చు. ఆమె చెల్లించిన సొమ్ములో కూలీ మాత్రమే పనివాడికి చేరుతుంది.

బొటీక్ నడిపేవారిని మేము తప్పుపట్టడం లేదు. అద్దె, జీతాలు, అలంకరణ వంటి ఖర్చులు వారికీ ఉంటాయి. అయితే పనిచేసే చేతికీ, పని కోరే ఇంటికీ మధ్య ఉన్న దూరంలో కొంత భాగం కేవలం ఒక మాట వల్ల ఏర్పడినది. ఆ మాటను తెలుసుకోవడం కష్టమేమీ కాదు, దానికి ఖర్చు కూడా లేదు.

వెతికే మాటే దారి

సెర్చ్ ఇంజిన్‌లో మనుషులు రాసే లేదా పలికే మాటలను కీవర్డ్‌లు అంటారు. మన వ్యాపారానికి సంబంధించి ప్రజలు ఏ మాటలతో వెతుకుతున్నారో తెలుసుకోవడమే కీవర్డ్ పరిశోధన. ఆ వెతుకులాటలో మన పేజీ సరైన చోట కనిపించేలా దానిని తీర్చిదిద్దే పనిని సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అంటారు. పేర్లు పెద్దవైనా విషయం చిన్నదే. దుకాణం బోర్డు మీద ఏ మాట రాయించాలో నిర్ణయించుకోవడం వంటిదే ఇది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటే. తమకు అలవాటైన మాటను కొనుగోలుదారుల మాటగా భావిస్తారు. గూగుల్ ఇప్పుడు పర్యాయపదాలను కొంతవరకు గ్రహించగలదు. అయినా ఒక ప్రాంతంలో, ఒక భాషలో మాత్రమే వాడుకలో ఉన్న పేర్ల విషయంలో ఆ తెలివి మీదే ఆధారపడకూడదు. జర్దోజీ అని మాత్రమే రాసుకున్న పేజీ, మగ్గం వర్క్ కోసం వెతికే తల్లికి చేరుతుందన్న నమ్మకం లేదు.

మొదటి సాధనం నోటుపుస్తకం

ఈ పరిశోధన కంప్యూటరుతో మొదలు కానక్కరలేదు. ఫోను పక్కన ఒక నోటుపుస్తకం ఉంచుకుంటే చాలు. అడిగినవారు ఏ మాటతో అడిగారో ఆ మాటనే, దిద్దకుండా, రాసుకోవాలి. ‘చేతులకు మాత్రమే వర్క్ చేస్తారా?’, ‘వారంలో ఇస్తారా?’, ‘పాత పట్టుచీర బ్లౌజుకు కొత్తగా వేస్తారా?’ ఇలాంటి ప్రశ్నలు నెలరోజుల్లో రెండు మూడు పేజీలు నిండుతాయి. వాట్సాప్‌లో వచ్చిన పాత సందేశాలను కూడా ఒకసారి తిరగేయాలి. ఏ సాధనమూ ఇవ్వలేని సమాచారం అది, ఎందుకంటే అది మన వాడలోని మన కొనుగోలుదారుల నోటిమాట.

తరువాత ఆ మాటలను ఒక్కొక్కటిగా గూగుల్‌లో రాసి చూడాలి. మాట పూర్తి కాకముందే కింద కొన్ని సూచనలు వస్తాయి. అవి చాలావరకు ఇతరులు వెతికిన మాటల నుంచి వచ్చినవే. ఫలితాల మధ్య కనిపించే అనుబంధ ప్రశ్నలు, పేజీ అడుగున కనిపించే సంబంధిత వెతుకులాటలు కూడా పుస్తకంలోకి ఎక్కించుకోవాలి. మన ఫోనులోని పాత వెతుకులాటల ప్రభావం పడకుండా ఇన్‌కాగ్నిటో కిటికీలో చూడడం మంచిది.

మన భాషల విషయంలో మరో చిక్కు ఉంది. తెలుగు మాటను తెలుగు లిపిలో రాసేవారు కొందరు, ఇంగ్లిషు అక్షరాలతో రాసేవారు మరికొందరు. మగ్గం అన్న మాటలో ‘జి’ అక్షరాన్ని రెండుసార్లు వేసేవారున్నారు, ఒక్కసారి వేసి వదిలేసేవారున్నారు. ఇక నోటితో పలికి వెతికేవారి సంగతి వేరు. గూగుల్ 2017లో గొంతుతో వెతికే సదుపాయాన్ని తెలుగుకూ, ఉర్దూకూ కూడా విస్తరించింది. రాయడం రాని వృద్ధురాలు సైతం ఇప్పుడు ఫోనును అడగగలదు, అదీ పూర్తి వాక్యంలో. కాబట్టి మన పేజీలో తెలుగు లిపిలోనూ, ఇంగ్లిషు అక్షరాల్లోనూ మాటలు ఉండడం అవసరం.

ఒకే మాట, వేరు వేరు అవసరాలు

మాటలు పోగైన తరువాత వాటి వెనుక ఉన్న అవసరాన్ని గుర్తించాలి. పరిశోధనలో అసలైన భాగం ఇదే.

‘మగ్గం’ అన్న ఒక్క మాటనే తీసుకుందాం. దానికి చేనేత మగ్గం అన్న అర్థం కూడా ఉంది. ఆ మాట వెతికినవారు మంగళగిరి చీర కోసమో, పోచంపల్లి నేత గురించి తెలుసుకోవడానికో వెతికి ఉండవచ్చు. ‘మగ్గం వర్క్ డిజైన్లు’ అని వెతికేవారు ఎక్కువగా బొమ్మలు చూసి వెళ్లిపోతారు. ‘మగ్గం వర్క్ క్లాసులు’ అని వెతికేవారు పని నేర్చుకోవాలనుకుంటున్నారు. ‘మగ్గం వర్క్ బ్లౌజ్ ధర’ అని వెతికేవారు చేయించుకునే ఆలోచనలో ఉన్నారు. ‘మగ్గం వర్క్’ పక్కన మెహదీపట్నం అనో, టోలిచౌకి అనో చేర్చి వెతికేవారు బట్ట చేతిలో పట్టుకుని బయలుదేరబోతున్నారు.

చిన్న వ్యాపారానికి కావలసినవారు ఈ చివరి రెండు వరుసల్లో ఉన్నారు. వెతికేవారి సంఖ్య అక్కడ తక్కువ, అయినా వారు వచ్చేవారు. వేలమంది వెతికే పొట్టి మాట కోసం పెద్ద సంస్థలతో పోటీపడడం కంటే, కొద్దిమంది వెతికే పొడవైన, స్పష్టమైన మాటకు మనం సరైన జవాబుగా నిలవడం మేలు. క్లాసుల కోసం వెతికేవారిని కూడా తోసిపుచ్చనక్కరలేదు. ఇంట్లో పని వచ్చిన మహిళలు పరిసరాల్లోని అమ్మాయిలకు నేర్పగలిగితే, అది మరో ఆదాయమార్గం కాగలదు. దానికి వేరే పేజీ పెట్టుకోవాలి.

అంకెలను సరిగా చదవాలి

గూగుల్ ట్రెండ్స్ అనే ఉచిత సాధనంలో రెండు మాటలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. తెలంగాణను, ఆంధ్రప్రదేశ్‌ను విడివిడిగా చూడవచ్చు. 2004 నుంచి ఉన్న సమాచారం అందులో లభిస్తుంది. అయితే అందులో కనిపించే 0 నుంచి 100 వరకు అంకెలు వెతికినవారి సంఖ్య కాదు. ఎంచుకున్న కాలంలో అత్యధికంగా వెతికిన స్థానాన్ని 100గా తీసుకుని, మిగిలినవాటిని దానితో పోల్చి చూపుతారు. ఏ రాత ఎక్కువ వాడుకలో ఉందో, ఏ నెలల్లో వెతుకులాట పెరుగుతుందో తెలుసుకోవడానికి ఇది పనికివస్తుంది. పెళ్లి ముహూర్తాల కాలానికీ, రంజాన్ మాసానికీ కొన్ని వారాల ముందే మన పేజీ సిద్ధంగా ఉండాలంటే ఈ లెక్క తెలియాలి.

గూగుల్ యాడ్స్‌లో భాగంగా ఉన్న కీవర్డ్ ప్లానర్ ఒక్కో మాటను నెలకు సుమారు ఎంతమంది వెతుకుతున్నారో చూపుతుంది. ప్రకటనలపై పెద్దగా ఖర్చు చేయనివారికి అది ‘100 నుంచి 1000’ వంటి విశాలమైన హద్దులు మాత్రమే ఇస్తుంది. మనకు ఆ మాత్రం చాలు. అందులో ‘పోటీ’ అని ఉన్న గడిని చూసి కొందరు భయపడతారు. అది ఆ మాట కోసం ప్రకటనలిచ్చేవారి మధ్య పోటీ మాత్రమే. ప్రకటన లేకుండా ఫలితాల్లో కనిపించడం ఎంత కష్టమో అది చెప్పదు.

సొంత వెబ్‌సైటు ఉన్నవారికి సెర్చ్ కన్సోల్ అన్నిటికంటే విలువైనది. అదీ ఉచితమే. ఏ మాటలకు మన పేజీ కనిపించింది, ఎందరు దానిని నొక్కి లోపలికి వచ్చారు అన్నది అందులో తెలుస్తుంది. ఒక మాటకు పేజీ తరచుగా కనిపిస్తున్నా ఎవరూ నొక్కడం లేదంటే, వారు కోరినదీ మనం రాసినదీ ఒకటి కాదేమో ఆలోచించుకోవాలి.

మాటను ఎక్కడ ఉంచాలి?

వెబ్‌సైటు లేని కుటుంబాలు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ప్రారంభించవచ్చు. మ్యాపులో కనిపించే దుకాణాల వివరాలు అందులోనివే. దానికి రుసుము లేదు. ఇంటి చిరునామా అందరికీ తెలియడం ఇష్టంలేనివారికి ఒక వెసులుబాటు ఉంది. కొనుగోలుదారుల ఇళ్లకు వెళ్లి బట్ట తీసుకుని, పని పూర్తయ్యాక అందజేసేవారు చిరునామాను కనిపించకుండా ఉంచి, తాము వెళ్లే ప్రాంతాల పేర్లు మాత్రమే ఇవ్వవచ్చు. ఇంటిపట్టున పనిచేసే మహిళలకు ఇది ఎంతో ఉపయోగకరం.

ప్రొఫైల్‌లోని వివరణలోనూ, సేవల జాబితాలోనూ మనం పుస్తకంలో రాసుకున్న మాటలు సహజంగా రావాలి. వ్యాపారం పేరులో మాత్రం వాటిని కుక్కకూడదు. బోర్డు మీద ఉన్న అసలు పేరే ఇవ్వాలన్నది గూగుల్ నియమం. దానిని అతిక్రమిస్తే ప్రొఫైల్ నిలిపివేసే ప్రమాదం ఉంది.

వెబ్‌సైటులో ఒక్కో పనికి ఒక్కో పేజీ ఉండాలి. పేజీ శీర్షికలో, మొదటి పేరాలో, ఫొటోల వివరణలో ముఖ్యమైన మాట ఒకసారి కనిపిస్తే చాలు. ‘తెలుగువారు మగ్గం వర్క్ అని పిలిచే జర్దోజీ పని’ అని రాస్తే కొనుగోలుదారు మాటా దక్కుతుంది, తాతల మాటా నిలుస్తుంది. ధర ఎంత నుంచి మొదలవుతుంది, ఎన్ని రోజులు పడుతుంది అన్న ప్రశ్నలకు అక్కడే జవాబు ఇవ్వాలి. ఒకే మాటను పదే పదే చొప్పిస్తే గూగుల్ దానిని మోసంగా పరిగణిస్తుంది. పేజీ వెనుక ఎవరికీ కనిపించకుండా కీవర్డ్‌ల జాబితా ఇరికించే పాత పద్ధతిని తాము లెక్కలోకి తీసుకోమని ఆ సంస్థ 2009లోనే ప్రకటించింది.

లేని పనికి మాట అరువు తేవద్దు

ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన అతి ముఖ్యమైన విషయం ఇది. ఏ మాటకు గిరాకీ ఉందో తెలిసిన తరువాత, ఆ మాటను ఎలాగైనా వాడుకోవాలన్న ఆశ పుడుతుంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రం మీద కుట్టిన బ్లౌజుకు ‘చేతి మగ్గం వర్క్’ అని రాయడం, నెలరోజులు పట్టే పనికి ‘మూడు రోజుల్లో’ అని రాయడం అటువంటివే. తూకంలో మోసం వంటిదే మాటలో మోసం. వచ్చినవారు ఒకసారి మోసపోతారు, తిరిగి రారు, వారు రాసే అభిప్రాయం అందరూ చదువుతారు. యంత్రం పని చేసేవారు యంత్రం పని అనే రాయాలి. తక్కువ ధరలో దానినే కోరేవారూ ఉన్నారు.

మరో హెచ్చరిక. గూగుల్‌లో మొదటి స్థానం ఖాయం చేస్తామని డబ్బు అడిగేవారు ఫోన్లు చేస్తుంటారు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా చెబుతోంది. మ్యాపు ఫలితాల్లో మెరుగైన స్థానాన్ని డబ్బుతో కొనడం సాధ్యం కాదు. వెతికినదానికి మన పని ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరు పొందింది అన్న మూడింటిపైనే అది ఆధారపడుతుంది. ఫలితం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ ఓపిక కూడా పెట్టుబడిలో భాగమే.

మన ఇళ్లలో పని తెలిసిన పెద్దలున్నారు, ఫోను తెలిసిన పిల్లలున్నారు. ఇద్దరూ ఒక సాయంత్రం పక్కపక్కన కూర్చుంటే ఈ పని మొదలవుతుంది. నాన్న పనిని వివరించాలి, అమ్మ కొనుగోలుదారులు అడిగే ప్రశ్నలను గుర్తుచేయాలి, అమ్మాయి వాటిని రాసి, వెతికి చూడాలి. ఏళ్ల తరబడి చట్రం మీద వంగిన వీపుకు తన పేరుతో ఒక్క ఫోను వచ్చినా, ఆ బ్లౌజు కూలీ మాత్రమే కాక, దాని పూర్తి విలువ ఆ ఇంటికి చేరుతుంది.