పుంజు వీర్యానికి చల్లదనం ఒక్కటే చాలదు

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్ దుకాణంలో కొన్న ఫారం గుడ్డును ఎన్నాళ్లు పొదిగించినా పిల్ల రాదు. ఆ గుడ్డు పెట్టడానికి కోడికి పుంజుతో పనే లేదు. అయితే ఆ కోడి పుట్టిన గుడ్డు మాత్రం ఫలదీకరణ చెందినదే. పంజరాల్లో పెంచే మాతృకోళ్ల ఫారాల్లో ఈ పని కృత్రిమ గర్భధారణతో జరుగుతుంది. పుంజు వీపు, పొట్ట నిమిరి వీర్యం సేకరించే పద్ధతిని 1930లలో అమెరికా శాస్త్రవేత్తలు బర్రోస్, క్విన్ వివరించారు. నేటికీ వాడుక అదే.

చిక్కంతా ఆ తర్వాతే. ఒకసారికి దొరికేది సాధారణంగా అర మిల్లీలీటరు లోపే. వీర్యకణాలు మాత్రం మిల్లీలీటరుకు 300 కోట్లకు పైగా కిక్కిరిసి ఉంటాయి. పలచన చేయకుండా వదిలేస్తే గంటలోనే పస తగ్గిపోతుంది. అందుకే గ్లూటమేట్, చక్కెర, ఆమ్లతను అదుపులో ఉంచే లవణాలు కలిసిన ద్రావణంతో పలచబరిచి, 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. చల్లదనంలో కణాల జీవక్రియ నెమ్మదిస్తుంది, సూక్ష్మజీవులూ త్వరగా పెరగవు. అయినా ఒక రోజు దాటితే నమ్మకం ఉండదు.

ఎందుకని? పుంజు వీర్యకణం దారంలా సన్నగా, పొడవుగా ఉంటుంది. లోపల జీవద్రవ్యం చాలా తక్కువ, కాబట్టి తనను తాను కాపాడుకునే శక్తీ తక్కువే. పైగా దాని పొరలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. పాతబడిన నూనె వాసన పట్టినట్లే, ఇవి ఆక్సిజన్ తగిలి చెడిపోతాయి. విటమిన్-ఇ వంటి ప్రతిఆక్సీకారిణులను మేతలోనో ద్రావణంలోనో కలిపి చూస్తున్నది ఇందుకే. అలాగని గాలి ఆడకుండా మూసేస్తే సరిపోతుందా? టర్కీ కోడి వీర్యమైతే గాలి అందకపోతే త్వరగా చచ్చుబడుతుంది!

ఫ్రిజ్ చేయలేని ఈ పనిని పెట్ట సునాయాసంగా చేస్తుంది. దాని అండవాహికలోని సూక్ష్మ గొట్టాలు, 41 డిగ్రీల ఒంటివేడిలోనే, వీర్యకణాలను రెండు మూడు వారాలు సజీవంగా దాచుకుంటాయి. వారానికోసారి గర్భధారణ చేయిస్తే చాలేది అందుకే.

దీర్ఘకాలం దాచాలంటే గడ్డకట్టించాల్సిందే. గ్లిసరాల్ వీర్యకణాలను గడ్డకట్టే చలి నుంచి కాపాడుతుందని 1949లో తేలింది కోడిపుంజు వీర్యంతోనే. లాభపడింది మాత్రం పశువులు. పెట్టలో గ్లిసరాల్ ఫలదీకరణకే అడ్డు తగులుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం అసీల్, కడక్‌నాథ్ వంటి దేశవాళీ జాతులపై ఈ దిశగా ప్రయోగాలు చేసింది. పచ్చసొన నిండిన గుడ్డును గడ్డకట్టించి బతికించలేం కాబట్టి, జాతిని దాచడానికి వీర్యమే సులువైన దారి. అయితే కోళ్లలో డబ్ల్యూ క్రోమోజోమ్ పెట్టలకే ఉంటుంది. పుంజు వీర్యం ఎంత భద్రంగా దాచినా అది మాత్రం అందులో ఉండదు.