ఉక్కదేశానికి బట్టల పెట్టె

రోగిని పరీక్షించే ముందు అతడి దేశాన్ని పరీక్షించమంటుంది ఆయుర్వేదం. జాంగలము, అనూపము, సాధారణము అని దేశం మూడు విధాలు. నీరు తక్కువై పొడిగాలి వీచేది జాంగలం. నీరూ చెట్లూ విస్తారమై, గాలిలో సదా తేమ నిండి ఉండేది అనూపం. ఆ రెండింటికీ మధ్యస్థమైనది సాధారణం. గురుకులంలో పదహారేళ్ల ప్రాయాన వల్లించిన పాఠమిది. శిష్యులకు ఎన్నోమార్లు చెప్పినదే. అయినా 2019లో దసరా సెలవులకు కుటుంబసమేతంగా మలేషియా బయలుదేరినప్పుడు, పెట్టె సర్దే వేళ అది నాకు జ్ఞప్తికి రాలేదు.

మాది అనంతపురం ప్రాంతం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం పడే నేల. కౌలాలంపూరులో 2000 మిల్లీమీటర్లకు పైబడి కురుస్తుంది. నేను మాత్రం ఎండ ఎక్కడైనా ఎండే కదా అని తలచి, మగవారికి ముతక ఖద్దరు దుస్తులు, మనిషికి మూడేసి జతలు చాలునన్నాను. మా ఇంట ఉదయం ఉతికిన పంచె భోజనవేళకు ఆరిపోతుంది మరి! ఫోటోల కోసమని కోడలు మనుమరాలికి పట్టులంగాలు పెట్టింది. ఇస్త్రీ బాధ ఉండదని నా అర్ధాంగి పాలిస్టరు చీరలు తీసుకుంది.

బటూ గుహల వద్ద సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి 272 మెట్లు. సగం ఎక్కేసరికే ఒళ్లంతా చెమట, దిగేసరికి వాన. ఆ తడిబట్టలతోనే ఏసీ బస్సులో కూర్చున్నాము. రాత్రి గదిలో ఆరవేసిన ఖద్దరు తెల్లవారినా ఆరక, ముక్కిన వాసన వేసింది. వేరే దారి లేక దానినే కట్టుకున్నాను.

మూడవనాటికి మనుమరాలి మెడ, వీపు నిండా చెమటకాయలు. చల్లనీళ్ల స్నానం చేయించి, మంచిగంధం పలుచగా పూసి, వాళ్ల నాన్న పాత బనియను తొడిగితే రెండు రోజుల్లో తగ్గాయి.

నా అర్ధాంగి సంగతి అంత తేలికగా పోలేదు. ఆమెకు మధుమేహం ఉంది. లంగా బొందె బిగిసే నడుము వద్ద, తొడల మడతల్లో తామర లేచింది. సిగ్గుచేత ఎవరికీ చెప్పలేదు, వైద్యుడినైన నాకు సైతం. ఊరు చేరాక మందుల దుకాణంలో అడిగి ఒక మలాము తెచ్చి పూసుకుంది. అందులో స్టీరాయిడు కలిసి ఉంది. మొదట దురద అణిగింది. పిమ్మట తామర అరచేతి వెడల్పున పాకింది. నాకు తెలిసేసరికి నెల గడిచింది. నా లేపనాలతోనే నయం చేయాలన్న పంతం మాని, చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్లాను. పూర్తిగా మానడానికి మూడు నెలలు పట్టింది.

చెమట ఆవిరైతేనే దేహం చల్లబడుతుంది. జాంగలంలో పొడిగాలి దానిని వెంటనే తాగేస్తుంది. అనూపంలో గాలి అప్పటికే తడిసి ఉంటుంది కనుక చెమట ఒంటినే అంటిపెట్టుకుంటుంది. పాలిస్టరు ఆ చెమటను దాదాపుగా పీల్చదు. ముతక నూలు పీలుస్తుంది గాని త్వరగా విడువదు. ఈ రెండవ సంగతి నాకు అక్కడే బోధపడింది. గ్రీష్మ ఋతుచర్యలో పూర్వులు పలుచని వస్త్రాలను విధించడం ఊరక కాదు.

కాబట్టి అట్టి దేశానికి వెళ్లేవారు మల్లుగుడ్డ చొక్కాలు, వెంకటగిరి వంటి పలుచని నూలు చీరలు, వదులైన పైజామాలు పెట్టుకోండి. పైబట్టలు ఐదు జతలైతే లోదుస్తులు పది ఉండాలి. రోజుకు రెండుమార్లు మార్చక తప్పదు. లోదుస్తులు పూర్తిగా ఆరనిదే తొడగవద్దు. జీన్సు ఒకసారి తడిస్తే రెండు రోజులు బరువే. ఏసీ బస్సులకు, గుడికి పనికివచ్చేలా ఒక నూలు శాలువ, ఒళ్లు తుడుచుకోవడానికి నాలుగు పలుచని తువ్వాళ్లు చాలు. మధుమేహం ఉన్నవారు స్నానానంతరం మడతలు తడిలేకుండా తుడుచుకోవాలి. దురద మొదలైతే సిగ్గుపడక ఆనాడే ఇంట్లో చెప్పాలి, వైద్యునికి చూపాలి.

దుబాయి వెళ్లే మనవారు అనేకులు. ఎడారి గనుక అక్కడ అంతా పొడిగాలే అనుకోకండి. అది సముద్రతీరం, వేసవిలో ఎండకు ఉక్క కూడా తోడవుతుంది.

వచ్చే సెలవుల్లో మళ్లీ మలేషియా వెళ్దామని పిల్లలు అంటున్నారు. ఈమారు పెట్టె సర్దడం నా అర్ధాంగి తన చేతిలోకి తీసుకుంది. నేను మడిచి ఉంచిన రెండు ఖద్దరు పంచెలనూ మారుమాట లేకుండా తీసి బీరువాలో పెట్టేసింది.