అద్దము లేని కెమెరా

ముఖము చూచుకొనుటకు మన యిండ్లలో అద్దముండును. కెమెరాలోపల కూడ ఒక చిన్న యద్దము కలదనియు, అది ముఖమును గాక లోకమును చూపుననియు చాలమంది యెఱుగరు. పత్రికలలో వెలువడిన మేలైన ఛాయాచిత్రములలో పెక్కు ఆ యద్దము చూపగా తీయబడినవే. అర్ధశతాబ్దికి పైగా ఫొటోగ్రాఫరు కంటికి తోడుగా నిలిచిన ఆ యద్దము నేడు కెమెరానుండి తొలగిపోవుచున్నది. ఎందువలన? అద్దము లేని కెమెరా అద్దమున్న కెమెరాను పూర్తిగా నెట్టివేయునా? ఈ ప్రశ్న నాకు పుస్తకమునుండి పుట్టలేదు. ఒక శిష్యుని నోటినుండి వచ్చినది.

మా యూరి బస్సుస్టాండు వద్ద ఒక ఫొటో స్టూడియో కలదు. దాని యజమాని నాయొద్ద చదువుకొన్నవాడు. రెండేండ్ల క్రిందట ఒకనాటి సాయంకాలము రెండు కెమెరాలు భుజమున వ్రేలాడగా అతడు మా యింటికి వచ్చెను. ఒకటి పదేండ్లుగా తనకు అన్నము పెట్టుచున్న పాత కెమెరా. రెండవది పట్టణమునందలి మిత్రునియొద్ద ఎరవు తెచ్చిన కొత్త కెమెరా.

“మాస్టారూ! పెండ్లివారు వచ్చి మొట్టమొదట అడుగునది నా పనితనమును గూర్చి కాదు. కెమెరా అద్దమున్నదా, లేనిదా యని. అప్పుచేసి కొత్తది కొనవలెనా? పాతదానితోనే నెట్టుకొని రావలెనా? అద్దపు కెమెరాలకు నిజముగా కాలము చెల్లినదా?” అని అడిగెను.

నేను తెలుగు చెప్పినవాడనే గాని యంత్రశాస్త్రము చెప్పినవాడను కాను. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట ఉపాధ్యాయునకు తగదు. కావున వారముదినములు గడువడిగితిని. ఆ గడువులో చదివియు, తెలిసినవారిని అడిగియు నేను గ్రహించిన సంగతులనే బాలలారా, మీకును చెప్పుచున్నాను.

మొదట అద్దము చేయు పనిని తెలిసికొనవలెను. డి.ఎస్.ఎల్.ఆర్. అనబడు అద్దపు కెమెరాలో కటకము వెనుక నలుబదియైదు డిగ్రీల వాలుగా ఒక అద్దమును అమర్చుదురు. కటకము గుండ వచ్చిన వెలుగు ఆ యద్దముపై పడి, పైకి మఱలి, ఒక గరుకుగాజుపై బొమ్మగా నిలుచును. దానిపైన పలకలు పలకలుగా చెక్కిన పట్టకమొకటి యుండును. అది బొమ్మను సరిదిద్ది ఫొటోగ్రాఫరు కంటికి చేర్చును. అనగా కటకము దేనిని చూచుచున్నదో కన్నును దానినే చూచును. మీట నొక్కగానే అద్దము చటుక్కున పైకి లేచును. దాని వెనుకనున్న తెర తెఱచుకొనును. వెలుగు ఫిల్ముపైనను, ఈ కాలమున సెన్సరు అను పలకపైనను పడును. వెంటనే తెర మూసికొనును; అద్దము మరల దిగును. ఇదంతయు ఱెప్పపాటులో జరిగిపోవును. ఫొటో తీయునపుడు మనకు వినబడు ‘టప్’ అను శబ్దము అద్దముయొక్కయు తెరయొక్కయు చప్పుడే.

ఇంత చిక్కు ఏల కల్పించిరి? పూర్వము ఫొటోగ్రాఫరు నల్లని గుడ్డ కప్పుకొని, గాజుపలకపై తలక్రిందుగా పడిన బొమ్మను చూచి, ఆ పిమ్మట దాని స్థానమున మందు పూసిన పలకను దూర్చి ఫొటో తీసెడివాడు. హైదరాబాదున ఆరవ నిజాము కొలువులో ప్రఖ్యాతి గాంచిన రాజా దీనదయాళు చిత్రములు అట్టి గాజుపలకలపై తీసినవే. పలకను దూర్చిన పిదప ఫొటోగ్రాఫరుకు బొమ్మ కనబడదు. ఎదుటివాడు కదలినచో శ్రమ యంతయు వ్యర్థము. తరువాత కటకము ప్రక్కన వేఱొక కిటికీని పెట్టి చూచిరి. కాని కిటికీ చూచునది వేఱు, కటకము చూచునది వేఱు. దగ్గరినుండి తీసినపుడు తల తెగిన బొమ్మలు వచ్చెడివి.

ఈ లోపమును తీర్చుటకే అద్దమును తెచ్చిరి. 1861లో ఇంగ్లండున థామస్ సట్టన్ ఇట్టి కెమెరాకు పేటెంటు పొందెను. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున తయారైన కినె ఎక్సాక్టా చిన్న ఫిల్మునకు ఈ పద్ధతిని తెచ్చినది. 1949లో అదే నగరమునుండి వచ్చిన కాంటాక్స్ ఎస్ కెమెరా పట్టకమును చేర్చి, కంటికి సూటిగా చూచు వీలు కలిగించినది. 1954లో జపానువారి ఆసాహిఫ్లెక్సులో అద్దము తానై మరల దిగుట నేర్చినది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చినది. అప్పటినుండి పత్రికా విలేఖరులకు అద్దపు కెమెరా ముఖ్యమైన పనిముట్టయ్యెను.

ఇక రెండవ కథ వినుడు. 1975లో అమెరికాలో కొడాక్ సంస్థ ఇంజనీరైన స్టీవెన్ శాసన్ ఫిల్ము లేని కెమెరాను నిర్మించెను. దాని బొమ్మలో పదివేల చుక్కలు మాత్రమే యుండెను. ఒక బొమ్మను క్యాసెట్టుపై వ్రాయుటకు 23 సెకండ్లు పట్టెను. ఆ బాలయంత్రమే పెరిగి పెద్దదై, 1999లో నికాన్ డి1 గాను, 2003లో సామాన్యులకు గూడ కొంత అందుబాటైన కానన్ 300డి గాను రూపొందినది. ఫిల్ము పోయినది, అద్దము మాత్రము నిలిచినది.

ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. ఫిల్మును కడుగునంతవఱకు బొమ్మ కనబడదు. అందుచేత ముందుగా చూచుటకు అద్దము తప్పనిసరి. సెన్సరు అట్లు కాదు. తనపై పడిన వెలుగును అప్పటికప్పుడు విద్యుత్తుగా మార్చి తెరపై చూపగలదు. అనగా ఫిల్ము పోయిననాడే అద్దమునకు గల ముఖ్యకారణము సగము పోయినది. ఐనను తొలినాళ్ళలో ఆ చిన్న తెరలు మసకగా నుండెడివి. బొమ్మ ఆలస్యముగా కదలెడిది. స్పష్టత కుదుర్చుట నెమ్మదిగా సాగెడిది. కొత్తది కుంటుచున్నంతకాలము పాతది పరుగెత్తినది.

2008లో పానాసోనిక్ సంస్థ జి1 అను కెమెరాతో అద్దమును, పట్టకమును తీసివేసినది. వానికి మాఱుగా కన్ను పెట్టుచోట ఒక చిట్టి తెర నమర్చినది. 2013లో సోనీ ఏ7 పెద్ద సెన్సరుతో వచ్చినది. 2018లో నికాన్, కానన్ సంస్థలు కూడ పెద్ద సెన్సరుతో ఆ త్రోవనే పట్టినవి.

అద్దము తొలగుటవలన కలిగిన మేళ్ళు నాలుగు. మొదటిది కొలతకు సంబంధించినది. అద్దము లేచి దిగుటకు చోటు కావలెను గదా! నికాన్ అద్దపు కెమెరాలో కటకపు అంచుకు సెన్సరుకు నడుమ 46.5 మిల్లీమీటర్ల యెడముండగా, అద్దము లేనిదానిలో 16 మిల్లీమీటర్లే కలదు. అందువలన కెమెరా పలుచనైనది. కటకములను కొత్తరీతుల నిర్మించు వీలు కలిగినది. రెండవది, తీయబోవు బొమ్మ వెలుగుచీకట్లు ముందే కంటికి కనబడును. మూడవది, సెన్సరు తానే కన్నులను, ముఖములను పోల్చి, చట్రమునందు ఏమూలనున్నను వానిపై స్పష్టతను నిలుపును. నాలుగవది నిశ్శబ్దము, వేగము. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో అద్దమే కాదు, కదలెడు తెర కూడ లేదు.

మేలు చెప్పి కీడు దాచుట న్యాయము కాదు. చిట్టి తెరయు సెన్సరును సదా వెలుగుచునే యుండవలెను గావున బ్యాటరీ త్వరగా తరుగును. ఒకే కొలమానముతో లెక్కింపగా, నికాన్ డి850 అను అద్దపు కెమెరా ఒక బ్యాటరీతో 1840 బొమ్మలు తీయగా, 2018నాటి జెడ్7 దాదాపు 330 బొమ్మలు మాత్రమే తీయునని తేలినది. సెన్సరు బొమ్మను వరుసవెంట వరుసగా చదువును గావున, నిశ్శబ్దరీతిని వాడినపుడు విసరిన క్రికెట్టు బ్యాటు వంగినట్లు కనబడుట కలదు. మిక్కిలి వేగముగా చదువు సెన్సరులతో ఈ లోపము తగ్గుచు వచ్చినది. 2023లో ప్రకటింపబడిన సోనీ ఏ9 మూడవ తరగతి కెమెరా బొమ్మ నంతటిని ఒకేసారి చదువును. కాని అట్టివాని వెల చిన్న స్టూడియోవారికి అందునది కాదు.

గడువు తీరిన దినమున మా శిష్యుడు రెండు కెమెరాలతో మరల వచ్చెను. పెరటిలోని వేపచెట్టు క్రింద నిలిచి రెండింటిలోను చూచితిని. పాతదానిలో వేపాకుల నడుమ దిగుచున్న సూర్యుడు ఉన్నవాడున్నట్లు కనబడెను. మబ్బుల రంగు, ఆకుల కదలిక, అంతయు గాజు కిటికీలోనుండి చూచినట్లే యుండెను. కొత్తదానిలో చూడగా ఆకాశము తెల్లబోయి, చెట్టు నల్లబడి యుండెను. “ఇదేమి నాయనా, కొత్తదే తక్కువగా నున్నది?” అంటిని. అతడు నవ్వి, ఒక చక్రమును త్రిప్పెను. ఆకాశము ఎఱ్ఱబారెను. “మాస్టారూ! పాతది లోకమును చూపును. కొత్తది రాబోవు ఫొటోను చూపును” అనెను. ఏడుదినములు చదివి నేను గ్రహించినదానిని అతడు రెండు మాటలలో చెప్పెను.

ఇక లెక్కలు చూతము. జపాను కెమెరా తయారీదారుల సంఘము ప్రకటించిన అంకెలనుబట్టి 2012లో ప్రపంచమంతట సుమారు కోటి అఱువది లక్షల అద్దపు కెమెరాలు కర్మాగారములనుండి వెలువడినవి. అద్దము లేనివి దాదాపు నలుబది లక్షలు. 2020లో మొదటిసారిగా అద్దము లేనివి మించినవి. 2023 నాటికి అద్దము లేనివి సుమారు 48 లక్షలు, అద్దపువి 12 లక్షలు. ఈ అంకెలను చూచి, కొత్తది పాతదానిని మ్రింగినదని తొందరపడి చెప్పుదురు. నిదానముగా కూడి చూడుడు. అద్దపు కెమెరాలు కోటి నలుబది లక్షలకు పైగా తగ్గినవి. అద్దము లేనివి పెరిగినది పదిలక్షల లోపే. మిగిలిన కొనుగోలుదారు లెందుబోయిరి? వారిలో ఎక్కువమంది తమ జేబులోని ఫోనుతోనే తృప్తిపడిరి. పాత కెమెరాకు ప్రబలశత్రువు కొత్త కెమెరా కాదు, ఫోను.

కొత్త అద్దపు కెమెరాలను రూపొందించుట కూడ దాదాపు నిలిచినది. కానన్, నికాన్ సంస్థల ఉత్తమశ్రేణి అద్దపు కెమెరాలు 2020లో వచ్చినవి. తమ శ్రేణిలో అదే చివరిదని కానన్ అధ్యక్షుడు 2021లో తెలిపెను. పెంటాక్స్ మాత్రము అద్దమును విడువక, 2023లో కూడ నలుపుతెలుపు బొమ్మలకే ప్రత్యేకించిన ఒక కెమెరాను వెలువరించినది.

ఈ సంగతులన్నియు చెప్పి శిష్యునితో ఇట్లంటిని: “నాయనా! నీ ప్రశ్న ఒకటి కాదు, మూడు. అద్దపు కెమెరాలను కొత్తగా తయారుచేయుదురా? చాలవఱకు మానివేసిరి. ఉన్నవి పనికిరాకుండ పోవునా? పోవు. నిన్న చక్కని బొమ్మ తీసినది నేడు చెడ్డబొమ్మ తీయదు. నీవు కొత్తది కొనవలెనా? అది నీ పనిని బట్టి యుండును. మసక వెలుగులో, పిల్లల పరుగులలో, నిశ్శబ్దము కావలసినచోట కొత్తది నీకు సాయపడును. పగటివెలుగులో, స్టూడియోలో పాతది చాలును. మఱియొక మాట. యెడము తగ్గినందున, నడుమ ఒక వలయమును తగిలించి నీ పాత కటకములలో పెక్కింటిని కొత్త కెమెరాకు వాడవచ్చును. కొత్త కటకములు పాతదానికి పట్టవు. కావున నేడు కటకములపై ధనము పెట్టకుము. ఎవరో అడుగుదురను భయముతో అప్పు చేయకుము. పని అడిగినపుడు కొనుము.”

అతడు ఏడాదిపాటు పెద్ద పెండ్లిండ్లకు కొత్త కెమెరాను అద్దెకు తెచ్చి నడిపెను. ఆ రాబడిలో మిగిల్చినదానితో, అప్పు లేకుండ ఒకటి కొనెను. పాతదానిని అమ్మలేదు.

మొన్న మా యూరి పాఠశాలలో పదవ తరగతి పిల్లలకు హాలుటిక్కెట్ల ఫొటోలు తీయుటకు అతడు రెండు కెమెరాలను తెచ్చెను. కొత్తదానితో ఒక పిల్లవానిని తీయగా, చప్పుడు లేనందున ఆ పిల్లవాడు ఊపిరి బిగబట్టి అట్లే నిలిచియుండెను. “తీసితిరా సార్?” అని అడుగగా అందఱును నవ్విరి. అతడు కొత్తదానిని సంచిలో పెట్టి పాతదానిని చేతికెత్తుకొనెను. ‘టప్’ అను శబ్దము వినబడిన వెంటనే ఒక్కొక్క పిల్లవాడును తృప్తితో లేచి, తరువాతివానికి చోటిచ్చుచుండెను.