తూనీగ మళ్లీ అదే పుల్ల మీద వాలుతుంది!

మీకు తెలుసా? కెమెరా చూసి తుర్రుమన్న తూనీగ వెంట పరుగెత్తక్కర్లేదు. చాలా రకాల తూనీగలు గాల్లో ఓ చుట్టు తిరిగి, దొరికితే ఓ దోమను నోట కరుచుకుని, లేచిన పుల్ల మీదికే మళ్లీ వస్తాయి. అది వాటి వేటమంచె. అందుకే అది లేవగానే ఓ అడుగు ముందుకు జరిగి, పుల్ల చివరికి ఫోకస్ పెట్టుకుని కదలకుండా ఉండండి. వచ్చి కుదురుకున్నాక ఇంకో అడుగు. వానాకాలం చివర గుంపులుగా తిరిగే పసుపు తూనీగ, పాంటాలా ఫ్లావెసెన్స్, దగ్గర మాత్రం ఈ ఎత్తు పారదు. పగలు అది వాలేదే తక్కువ. మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటుతుందని పేరుపడ్డ రకమది, మీ కోసం ఆగుతుందా?

తూనీగ ఒక్కో కంట్లో 30 వేల దాకా చిన్న కటకాలుంటాయి. ముందూ పైనా పక్కలా ఏది కదిలినా పసిగడుతుంది. చూపు కాస్త ఆననిది సరిగ్గా వెనక వైపే. తోక పట్టుకుని దారం కట్టిన పల్లెటూరి పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు! మీరు దారం జోలికి పోకుండా ఆ నేర్పు మాత్రం తీసుకోండి: వంగి, నెమ్మదిగా, మీ నీడ దాని మీద పడకుండా.

ఎగరాలంటే తూనీగ ఛాతీలోని కండరాలు వేడెక్కాలి. చలికాలం తెల్లవారుజామున మంచు బొట్లతో గడ్డిని అంటిపెట్టుకుని ఉండేది అందుకే. ఫొటోకు అంతకు మించిన వేళ లేదు. రెక్కలు వణికించడం మొదలుపెట్టిందంటే ఒళ్లు వేడెక్కించుకుంటోందన్నమాట, మీకిక మిగిలింది కాసేపే. కదలకుండా ఉంటుందని తూనీగను పట్టి ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లూ ఉన్నారు. దాన్ని ప్రకృతి ఫొటో అనడం మోసం. మిట్టమధ్యాహ్నం వెలుతురు బాగోదు కానీ, కొన్ని తూనీగలు తోకను సూర్యుడి వైపు నిటారుగా ఎత్తి నిలబడే తమాషా అప్పుడే చూడాలి. ఒంటికి ఎండ తక్కువ తగలడానికే ఆ ఆసనం.

ఇక అసలు చిక్కు. తూనీగ ఎంత ఉందో సెన్సర్ మీద అంత బొమ్మ పడేలా దగ్గరికి వెళ్తే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/11 పెట్టినా స్పష్టంగా వచ్చే లోతు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. కళ్లు బాగా వస్తే తోక మసక. బొమ్మ సగం సైజుతో సరిపెట్టుకుంటే అదే అపెర్చర్‌కు ఆ లోతు సుమారు 4 మిల్లీమీటర్లవుతుంది. ఆశ కొంచెం తగ్గించుకోవడమే తెలివి. ఎఫ్/22కు పోతే కాంతి వివర్తనం వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. కెమెరాను తూనీగ ఒంటికి సమాంతరంగా పట్టుకుంటే తల నుంచి తోక దాకా ఒకే తలంలోకి వస్తాయి. కుదరకపోతే కళ్ల మీదే ఫోకస్, మిగతాది పోతే పోనివ్వండి. ఫ్లాష్ వేస్తే ముందు పల్చటి తెల్లటి తెర తప్పనిసరి, లేకుంటే రెక్కలు తళుక్కుమని గీతలన్నీ మాయమవుతాయి.

సాధనకు చెరువు దాకా వెళ్లనక్కర్లేదు. బ్రాడినోపైగా జెమినాటా అనే తూనీగ హైదరాబాద్ బండరాళ్ల మీదా, ఇళ్ల గోడల మీదా రెక్కలు పరిచి రాతికి అతుక్కున్నట్టు వాలుతుంది. రంగూ రాతిదే, కనిపెట్టడమే కష్టం. ఒళ్లూ రెక్కలూ ఒకే తలంలో ఉంటాయి కాబట్టి, ఎదురుగా నిలబడి తీస్తే ఫోకస్ బాధ సగం తీరినట్టే.

ఒక్క మాట. రెక్కలు పాలిపోయి తడిసినట్టు మెరుస్తుంటే అది అప్పుడే పొర విడిచి బయటికొచ్చిన తూనీగ. దాన్ని ముట్టుకోకండి, పుల్లను కదపకండి. ఆ రెక్క ఇప్పుడు వంగితే మళ్లీ సరి కాదు.